ఎలుక కోలుకుంది, మరి మా నాయిన?

అందరికీ నమస్కారం. హనుమకొండలో స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) మాటెత్తితే ఎవరో ఒకరు అడిగేది ఇదే: "సార్, మా నాయినకు మెదడుల నరం చిట్లింది. ఆ కణాలు ఎక్కిస్తే చెయ్యి వస్తదా?" జవాబుకు ముందు ఎలుకల సంగతి వినండి.

మత్తిచ్చి, పుర్రెకు సన్నటి రంధ్రం చేసి, మెదడు లోతుల్లోకి కొలాజినేజ్ అనే ఎంజైమ్‌ను సూదితో పంపుతారు. అది రక్తనాళాల గోడల్ని తినేస్తుంది, లోపల నెత్తురు కారుతుంది. తర్వాత ఎలుకను గాజు గొట్టంలో వదులుతారు. మామూలు ఎలుకైతే ముందుకాళ్లు రెండూ గోడకు ఆనించి నిలబడి చూస్తుంది. ఇది ఒక్క కాలే ఆనిస్తుంది. పక్షవాతమే!

ఇట్లాంటి ఎలుకలకు స్టెమ్ సెల్స్ ఇస్తే కదలిక మెరుగైందని చాలా ప్రయోగాలు చెప్పాయి. కొత్త మెదడు మొలిచిందా అంటే, లేదు. నరంలోకి ఎక్కించిన కణాల్లో ఎక్కువభాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. 2008లో దక్షిణ కొరియా పరిశోధకులు చూపింది నాకైతే భలే ఆసక్తిగా అనిపిస్తుంది. ముందే ప్లీహం (కడుపులో ఎడమవైపు ఉండే, రోగనిరోధక కణాలు నిండిన అవయవం) తీసేసిన ఎలుకల్లో, మెదడు వాపు తగ్గించే ఆ మేలు కనబడలేదు! అంటే కణాలు పనిచేసింది చాలావరకు ప్లీహంలో, వాపును రెచ్చగొట్టే సంకేతాల మీద. ఇంకోటి: ఆ ప్రయోగంలో రక్తస్రావమైన 2 గంటలకు నరంలోకి ఇస్తేనే ఫలితం, 24 గంటలకు ఇస్తే లేదు.

ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేసరికే ఆ రెండు గంటలు అయిపోతాయి. మనవాళ్లు అడిగేది ఆర్నెల్ల తర్వాత. పైగా ఆ ఎలుకలు సాధారణంగా పడుచువి, బీపీ, షుగర్ లేనివి. వాటి మెదడు 2 గ్రాములు, మనది 1300 పైనే.

మనుషుల్లోనూ చూశారు, రక్తం గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో. మన దేశంలోనే 120 మందితో, వాళ్ల ఎముక మజ్జ కణాలతోనే. 2014లో ఫలితం వచ్చింది. హాని లేదు, లాభమూ లేదు.

ఎవరైనా లక్షలు అడిగితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు గుర్తుచేయండి. పక్షవాతానికి ఇది ఇంకా ప్రయోగమే, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎకరం అమ్మకండి.

మెదడులో రక్తస్రావానికి మనుషుల్లో మేలు చేసిందేమిటంటే, చికిత్స మొదలైన గంటలోపే పై బీపీని 140 కిందికి తేవడం, దాంతోపాటు షుగర్, జ్వరం అదుపు చేయడం. 2023లో తేలింది. ఇందులో స్టెమ్ సెల్స్ లేవు, 108కు ఫోన్ ఉంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.