అమ్మ మెడలోని గ్రంథి, బిడ్డ మెదడు

శ్రోతలకు నమస్కారం.

"కడుపుతో ఉన్నదానివి, ఇంకా ఆ మాత్రలెందుకమ్మా?" నెల తప్పిందని తెలియగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. అనేవాళ్లది ప్రేమే. ఆ మాటకు తలూపి, అప్పటిదాకా వేసుకుంటున్న థైరాయిడ్ మాత్రను పక్కన పెట్టేసే కోడళ్లు ఉన్నారు. నిజానికి ఆ మాత్ర అవసరం పెరిగేది అప్పుడే. చాలామందికి మోతాదు పావు వంతో, ఇంకాస్త ఎక్కువో పెంచవలసి వస్తుంది.

కడుపులోని బిడ్డ థైరాయిడ్ గ్రంథి పన్నెండు వారాలు దాటాక గానీ పనిలోకి దిగదు. దిగినా మొదట్లో అంతంతమాత్రమే. అప్పటిదాకా మావి దాటి వచ్చే తల్లి హార్మోనే దిక్కు. మెదడు కణాలు పుట్టి, తమ తమ చోట్లకు నడిచి, పొరలుగా సర్దుకోవడం మొదలయ్యేది ఆ వారాల్లోనే.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో గర్భిణుల నుంచి తీసి దాచిన రక్తాన్ని కొన్నేళ్ల తర్వాత పరీక్షించి, థైరాయిడ్ లోపం ఉన్నవారి పిల్లలను ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో చూశారు. 1999లో వచ్చిన ఫలితం ఇది: గర్భంతో ఉండగా చికిత్స అందని 48 మంది తల్లుల పిల్లల తెలివితేటల సూచిక తోటి పిల్లలకన్నా సగటున 7 పాయింట్లు తక్కువ. చదువులో ఏకాగ్రత కూడా కొంత తగ్గింది. సగటు అంటున్నాను, గమనించండి. మీ ఇంటి పిల్లవాడి జాతకం కాదది.

ఇంకో మాటా చెప్పాలి. బ్రిటన్, ఇటలీల్లో జరిగి 2012లో వెలువడిన పెద్ద ప్రయోగంలో, గర్భిణులకు పరీక్ష చేసి లోపం ఉన్నవారికి మాత్ర ఇచ్చినా, మూడేళ్ల వయసులో పిల్లల తెలివిలో తేడా కనిపించలేదు. అక్కడ చాలామందికి చికిత్స మొదలైంది పదమూడో వారం దాటాక. ఆలస్యం వల్లే ఫలితం రాలేదా, స్వల్ప లోపానికి మందే అక్కరలేదా అన్న వాదన ఇంకా తెగలేదు. లోపం తీవ్రంగా ఉంటే మాత్రం చికిత్స విషయంలో రెండో అభిప్రాయం లేదు.

ఇక వేసుకునే పద్ధతి. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతో. వెంటనే కాఫీ వద్దు, కనీసం అరగంట ఆగండి. ఆసుపత్రిలో ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర దీనితో కలిపి మింగితే ఇది ఒంటికి సరిగా పట్టదు. మధ్యలో నాలుగు గంటలు ఉండాలి. మోతాదు మార్చేది డాక్టరే, ఇంట్లో పెద్దలు కాదు.

కాన్పు అయ్యాక మోతాదు మళ్లీ పాత స్థాయికి వస్తుంది. బిడ్డకు మూడో రోజున మడమ గుచ్చి తీసే రక్తపు చుక్కతో, తన గ్రంథి సరిగా పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. ఇంటికి వెళ్లే తొందరలో ఆ చుక్క ఇవ్వకుండా ఆసుపత్రి గడప దాటకండి.