బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివే ఎందుకు?

[బానెట్ ఎత్తిన కారు. చేతిలో 10 నంబర్ పానా.]

నమస్కారం. హార్న్ మోగకపోయినా, స్టార్టర్ తిరగకపోయినా పానా పట్టుకుని నేరుగా బ్యాటరీ మీదికి వెళ్లిపోతాం. ఒక్క నిమిషం ఆగండి. ముందు ఇంజిన్ ఆపి తాళం తీయండి. ఉంగరం, కడియం, స్టీలు గొలుసు వాచీ ఉంటే తీసి జేబులో వేసుకోండి.

"పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదుగా" అంటారు. నిజమే, పొడి చేత్తో రెండు టెర్మినళ్లూ పట్టుకున్నా ఏమీ తెలియదు. మన చర్మం కరెంటును అంత తేలిగ్గా పోనివ్వదు. ఇనుము అలా కాదు. రెండు టెర్మినళ్లకూ మధ్య పానా పడిందంటే అదే బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా షెడ్డులో ఒక అన్న ఉంగరం తీయకుండానే పాజిటివ్ బోల్టు తిప్పుతున్నాడు. ఉంగరం ఒక పక్క పానాకి, ఇంకో పక్క బాడీ రేకుకి ఆనింది. చటుక్కున మెరుపు. చెయ్యి లాక్కునేలోపే వేలి చుట్టూ వాత పడింది. ఆ మచ్చ ఇంకా పోలేదు.

[దగ్గరగా: నెగటివ్ టెర్మినల్ నుంచి బయల్దేరిన నల్ల కేబుల్.]

ఈ నల్ల కేబుల్ వెంట చూపు పోనివ్వండి. చివర బాడీకి బిగించి ఉంది. అంటే బాడీ రేకంతా నెగటివే. ముందు పాజిటివ్ విప్పబోతే పానా కొస ఆ రేకుకి ఎక్కడ తగిలినా షార్టే. నెగటివ్ ముందు విప్పితే పానాకి ఇటూ నెగటివే, అటూ నెగటివే, తగిలినా రవ్వ రాదు. విప్పిన కేబుల్‌కి పొడి గుడ్డ చుట్టి పక్కకు వంచేయండి, మళ్లీ వచ్చి టెర్మినల్‌కి తగలకూడదు. ఆ తర్వాతే పాజిటివ్.

రవ్వంటే ఎందుకింత భయం? ఛార్జ్ అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. దానికి రవ్వ తోడైతే బ్యాటరీ పగిలి యాసిడ్ మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. జంప్ స్టార్ట్, అంటే వేరే బండి బ్యాటరీకి కేబుళ్లు తగిలించి మన బండి స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఆఖరి నల్ల క్లిప్పును డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, దూరంగా ఇంజిన్ ఇనుముకి తగిలించమనేది అందుకే.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ది వేయండి. 10 ఎర్రది, 15 నీలం, 20 పసుపు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి నడిపించేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. అప్పుడు ఫ్యూజుకి బదులు వైరే కాలుతుంది.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోకండి. అందులో వందల వోల్టులు, ప్రాణం పోతుంది. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ విప్పినంత మాత్రాన, బండిని నడిపే పెద్ద బ్యాటరీ ప్యాక్‌లో కరెంటు పోదు. అది శిక్షణ ఉన్నవాళ్ల పని.

[బ్యాటరీ తిరిగి బిగిస్తూ.]

బిగించేటప్పుడు ముందు పాజిటివ్, ఆఖరున నెగటివ్. ఇదిగో, తగిలించగానే చిన్నగా టిక్కుమంది, ఫర్వాలేదు. పెద్ద రవ్వ వస్తే మాత్రం లోపల ఏదో ఆన్‌లో ఉన్నట్టు, లేదా ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. కేబుల్ పక్కన పెట్టి ముందు అదేంటో చూడండి.