టుమకాకొరి రివ్యూ: జెస్యూట్ల నిధి కథలో నిజమెంత?

నమస్తే అండి. అరిజోనా ఎడారిలో జెస్యూట్లు అనే కాథలిక్ సంఘం ఫాదర్లు మూసేసి వెళ్లిన వెండి గనులు, కొండల్లో దాచిన బంగారం... ఇలాంటి వీడియోలు మీరు చూసే ఉంటారు. వాటిలో మళ్లీ మళ్లీ వినపడే పేరు టుమకాకొరి. టూసాన్ నగరం నుంచి దక్షిణంగా 45 మైళ్లు వెళ్తే వస్తుంది, అక్కడి నుంచి మెక్సికో బోర్డర్ దగ్గరే. ఈ వీడియోలో టుమకాకొరి నేషనల్ హిస్టారికల్ పార్క్ ఎలా ఉంది, వెళ్లొచ్చా, నిధి కథలో నిజమెంత అన్నవి చెప్తాను. ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే సెడోనా, గ్రాండ్ కాన్యన్ అంటూ ఉత్తరానికే వెళ్తారు. ఒకసారి దక్షిణం వైపు కూడా వెళ్లండి. రెండున్నర గంటల డ్రైవ్, అంతే.

ముందు కథ వినండి. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన స్పెయిన్ రాజుకు తెలియకుండా జెస్యూట్లు ఇక్కడి ఆదివాసులైన ఓధమ్ ప్రజల చేత వెండి తవ్వించారట. 1767లో రాజు వాళ్లను వెళ్లగొట్టేసరికి గని నోరు మూసేసి, సొత్తంతా లోపలే వదిలి వెళ్లారట. చర్చి పెద్ద తలుపు దగ్గర నిలబడి ఫలానా దిక్కుకు ఇంత దూరం నడవాలి అని దారి రాసిన పాత పత్రం ఒకటి ఎవరికో దొరికిందట. మెక్సికోలో సొనోరా కొండల్లో ఉందనే టయోపా గని కథ కూడా దాదాపు ఇదే. దాని వెంట పడినవాళ్లు మామూలు మనుషులు కాదండి. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో 1877లో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి అధికారి హెన్రీ ఫ్లిప్పర్ ఉన్నాడు కదా, ఆయన తర్వాత మైనింగ్ ఇంజినీర్ అయ్యాడు, స్పానిష్ పత్రాలు చదవగలడు. ఆయనే టయోపా కోసం వెతికాడంటే ఈ కథకు ఎంత పట్టుందో చూడండి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. 1937లో కట్టిన మ్యూజియం దాటి బయటికి రాగానే ఎదురుగా చర్చి కనిపిస్తుంది. మట్టి ఇటుకల గోడలు, మీద సున్నం పూత, ముందు భాగంలో జంట స్తంభాలు. వాటి మీద వేసిన రంగులు అక్కడక్కడా ఇంకా మిగిలే ఉన్నాయి. కుడి పక్కన గంటల గోపురం, దాని పైభాగం మాత్రం లేదు. కూలిపోయిందేమో అనుకుంటారు. కాదు, అసలు పూర్తి చేయనే లేదు. ఈ గోపురం మీకు గుర్తుండాలి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

లోపల పొడవాటి హాలు, చివర గర్భగుడి లాంటి భాగం, దాని మీద గుమ్మటం. పక్క గోడల పొడుగునా విగ్రహాలు పెట్టిన చోట్లు ఖాళీగా ఉన్నాయి. పూత మీద పాతకాలపు జనం చెక్కిన పేర్లు కనిపిస్తాయి. అందరూ ఫోన్ పైకెత్తి గుమ్మటం ఫొటో తీసుకుంటున్నారు. మీరు ఒకసారి కాళ్ల కింది నేల గురించి ఆలోచించండి. 1848 చివర్లో, ఒకవైపు అపాచీ తెగవాళ్ల దాడులు, ఇంకోవైపు గడ్డకట్టే చలి తట్టుకోలేక ఇక్కడి జనం ఊరు వదిలేశారు. తమ సాధువుల విగ్రహాలు మోసుకుని టూసాన్ దగ్గరున్న సాన్ హవియర్ చర్చికి వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు గడ్డపారలతో వచ్చారు. హాలు, గర్భగుడి అంతా తవ్వేశారు. వెనక ఉన్న శ్మశానాన్ని కూడా వదల్లేదు.

ఇంత తవ్విన చర్చి జెస్యూట్లది కానే కాదు. వాళ్లు వెళ్లిపోయిన ముప్ఫై ఏళ్లకు, 1800 ప్రాంతంలో, ఫ్రాన్సిస్కన్లు అనే వేరే సంఘం ఫాదర్లు మొదలుపెట్టిన కట్టడం ఇది. 1767లో ఈ గోడే లేదు, ఈ తలుపే లేదు. మరి 'పెద్ద తలుపు నుంచి ఇంత దూరం' అని కొలిచి గని దాచిందెవరు? జెస్యూట్ల చర్చి పునాదులు ఇదే ఆవరణలో ఉన్నాయి. నేల మీద గీసినట్టున్న చిన్న దీర్ఘచతురస్రం, అంతే. చాలామంది దాన్ని దాటుకుని వెళ్లిపోతుంటారు. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఈ పార్క్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఆ పునాదే. నిధి కథ మొత్తానికి ఆ చిన్న గీతలే జవాబు చెప్తాయి.

సరే, గోపురం సంగతి. 1821లో ఇక్కడి ఫాదర్ చర్చి పూర్తి చేయడానికి డబ్బుల్లేక 4,000 పశువులను అమ్మాడు. 12,000 పెసోలకు బేరం. కొన్నాయన వాయిదాలు సరిగ్గా కట్టలేదు, పని ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఫాదర్ వెంటపడి బాకీ వసూలు చేస్తే గానీ చర్చి వాడకంలోకి రాలేదు. గోపురం మాత్రం అలాగే ఉండిపోయింది. పక్క కొండలో వెండి రాశులుంటే గంటల గోపురం కోసం ఆవులు అమ్ముకుంటారా?

అయితే కథ పూర్తిగా గాల్లోంచి పుట్టలేదండి, దీని వెనక ఒక నిజమైన సంఘటన ఉంది. 1736 అక్టోబర్‌లో, ఇప్పటి నొగాలెస్ ఊరికి నైరుతి దిక్కున, ఆంటోనియో సిరౌమియా అనే యాకీ జాతి మనిషికి నేల మీదే పెద్ద వెండి ముద్దలు కనపడ్డాయి. ఒక ముద్ద టన్నుకు పైగా తూగిందని రికార్డుల్లో ఉంది. ప్లాంచాస్ దె ప్లాతా, అంటే వెండి పలకలు, అని చెప్పుకునేది దీన్నే. వార్త పాకగానే జనం ఎగబడ్డారు. అప్పుడు అక్కడి అధికారి, కెప్టెన్ హువాన్ బౌతిస్తా దె ఆన్సా, దొరికిన వెండి మొత్తం జప్తు చేశాడు. ఎందుకంటే అది గని అయితే రాజుకు ఐదో వంతు పన్ను కడితే చాలు. ఎవరో దాచిన నిధి అయితే రాజు వాటా అంతకంటే చాలా ఎక్కువ. గనా, నిధా అని తేల్చడానికి మెక్సికో సిటీ దాకా కాగితాలు వెళ్లాయి. ఆ చోటు పక్కనున్న పశువుల రాంచ్ పేరే అరిజోనా, రాష్ట్రానికి ఆ పేరు పాకింది ఈ వెండి గోల వల్లే అంటారు. ఇంత వెండి ఒకసారి నేల మీద దొరికిన చోట, ఇంకా ఉందని జనం నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

రెండో కారణం 1767లో జరిగిన పని. మూడో కార్లోస్ రాజు జెస్యూట్లను తన రాజ్యాలన్నిటి నుంచి బహిష్కరించాడు. ఆ ఆజ్ఞ సీలు వేసిన కవర్లలో వచ్చింది, మెక్సికో సిటీలో జూన్ 25న తెరిచారు. సొనోరా ఫాదర్లను ఏదో పని ఉందని ఒక చోటికి పిలిపించి, అక్కడ చదివి వినిపించి, అట్నుంచి అటే సైనికుల కాపలాలో పెట్టారు. ముందే తెలిస్తే కదా దాచేది! వెనక్కి వెళ్లి సామాను సర్దుకునే వీలు కూడా ఇవ్వలేదు. అధికారులు మిషన్లలో, అంటే ఫాదర్లు చర్చి చుట్టూ నడిపిన మత కేంద్రాల్లో, ఉన్న వస్తువులన్నీ లెక్క రాసుకున్నారు. బలిపీఠం మీది వెండి గిన్నెలు, వస్త్రాలు, పుస్తకాలు, పశువులు, ధాన్యం. గుట్టలుగా బంగారం దొరుకుతుందని ఆశపడినవాళ్లకు అది దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఎక్కడో పాతిపెట్టారని అనుకున్నారు. ఆ ఫాదర్లను గ్వాయమాస్ రేవులో నెలల తరబడి నిర్బంధించి, తర్వాత నడిపించుకుంటూ తీసుకెళ్తే దారిలో ఇక్స్‌త్లాన్ దగ్గర ఇరవై మంది దాకా చనిపోయారు. నిధి వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పరు, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

చర్చిల్లో వెండి ఎక్కడిదంటారా? మిషన్లు గోధుమలు, పశువులు గనుల ఊళ్లకు అమ్మేవి, బదులుగా వెండి వచ్చేది. గనులు నడపకూడదని జెస్యూట్ల మీద వాళ్ల సంఘం నిషేధమే ఉంది. చార్లెస్ పోల్జర్ అనే చరిత్రకారుడు, ఆయన కూడా జెస్యూటే, ఆ నియమాలన్నీ వెతికి తీసి చూపించాడు. నియమం ఉన్నంత మాత్రాన అందరూ పాటించారని నేననను. కానీ గని అనేది దాచుకునే వస్తువు కాదు. కొలిమి కావాలి, బొగ్గు కావాలి, కంచర గాడిదలు కావాలి, వందల మంది కూలీలు కావాలి. తవ్విన రాళ్ల గుట్టలు, కొలిమి చిట్టెం శతాబ్దాలు అలాగే ఉంటాయి. వెండి తీయడానికి వాడే పాదరసం అయితే రాజు గుత్తాధిపత్యం, ఎవరు ఎంత కొన్నారో లెక్క ఉండేది.

ఈ మిషన్‌కు 1691లో శ్రీకారం చుట్టిన జెస్యూట్ ఫాదర్ కీనో సంగతి చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. గుర్రం మీద ఈ ఎడారంతా తిరిగి మ్యాపులు గీసిన మనిషి, బాహా కాలిఫోర్నియా దీవి కాదని తేల్చిన మనిషి. 1711లో మగ్దలేనాలో చనిపోయినప్పుడు ఆయన పరుపు రెండు దూడ చర్మాలు, తలకింద గాడిద మీద వేసే జీను. తోటి ఫాదరే రాసిపెట్టాడు. మార్కెట్లో తిరిగే నిధి పత్రాల మీద కీనో ఇక్కడికి రాకముందు తేదీలు కనిపిస్తాయి. 1691 కంటే ముందు ఇక్కడ మిషనే లేదు, ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, సగం పత్రాలు పక్కన పడేయొచ్చు.

వెనక శ్మశానంలో గుండ్రంగా, కప్పు లేకుండా ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉంది. దాని చుట్టూ ఓధమ్ కుటుంబాలను పూడ్చిపెట్టారు. ఊరు ఖాళీ అయ్యాక ఈ గోడల మధ్య పశువులను కట్టారు, నిధి కోసం తవ్వారు. మిషన్ కాలపు సమాధి ఒక్కటి కూడా ఇప్పుడు పైకి కనిపించదు. ఇది చూస్తుంటే మన దగ్గర పాడుబడ్డ గుళ్లల్లో గుప్త నిధులంటూ నంది కింద తవ్వేసిన గుంతలే గుర్తొచ్చాయి. బంగారం దొరికిందీ లేదు, పోయిన నంది తిరిగొచ్చిందీ లేదు. ఎవరి తాతముత్తాతల ఎముకలో కదిలించే హక్కు ఏ పాత కాగితమూ ఇవ్వదు.

అందుకే మెటల్ డిటెక్టర్ కారులో పెట్టుకుని వెళ్దామనుకునేవాళ్లకు గట్టిగా చెప్తున్నా, వద్దు. నేషనల్ పార్కుల్లో అది నిషేధం. ఫెడరల్ భూమిలో పురావస్తువులు తవ్వితే 1979 నాటి చట్టం కింద మొదటి తప్పుకే జైలు, వేల డాలర్ల జరిమానా ఉన్నాయి. ఇలాంటి నిధి కథలే ఉన్న, ఫీనిక్స్‌కు తూర్పున ఉండే సూపర్‌స్టిషన్ కొండల అడవి ప్రాంతంలో కూడా 1984 నుంచి కొత్త గని క్లెయిములు ఇవ్వడం లేదు. 1931లో అక్కడికి నిధి మ్యాపు పట్టుకుని వెళ్లిన అడాల్ఫ్ రూత్ అనే ఆయన పుర్రె ఒకచోట, ఎముకలు ఇంకోచోట దొరికాయి. ఎక్కడైనా మూసేయని పాత గని కనపడినా లోపల కాలు పెట్టకండి, పిల్లలతో ఉంటే అసలే వద్దు.

ఇక పనికొచ్చే విషయాలు. ఐ-19 మీద ఎగ్జిట్ 29. ఈ హైవే మీద దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, మనకు హాయి. టికెట్ పెద్దవాళ్లకు 10 డాలర్లు, నేషనల్ పార్క్ యాన్యువల్ పాస్ ఉంటే చాలు. నవంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది, మే, జూన్ ఎండలో మాత్రం వయసు మళ్లినవాళ్లను తీసుకెళ్లకండి. చర్చి తప్ప నీడ తక్కువ. పక్కనే సాంతా క్రూజ్ నది వెంబడి టుబాక్ ఊరి దాకా నడక దారి ఉంది, పెద్ద పెద్ద కాటన్‌వుడ్ చెట్లు. నదిలో పారేది చాలావరకు శుద్ధి చేసి వదిలిన మురుగునీరు, అందుకని పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. లోపం ఏంటంటే, నిధి తవ్వకాల గురించి బోర్డుల మీద ఇంకా వివరంగా రాయాల్సింది. ఆ కథ విని వచ్చేవాళ్లే ఎక్కువ కదా. గైడ్ టూర్ ఉంటే తప్పకుండా చేరండి, లేకపోతే అరగంటలో చూసేసి బయటపడతారు. నేను పదికి ఎనిమిది ఇస్తున్నా.

ఇంకో ముఖ్యమైన మాట, వీసా మీద ఉన్నవాళ్లు బాగా వినండి. తిరుగు ప్రయాణంలో టుబాక్ దాటాక బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంది. పాస్‌పోర్ట్, ఐ-94 కాగితాలు వెంట ఉంచుకోండి, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లవి కూడా. అడిగినప్పుడు చూపిస్తే అయిపోతుంది, లేకపోతే అనవసరమైన టెన్షన్.

జెస్యూట్ల కాలపు గోడలే నిలిచి ఉన్న చోటు చూడాలంటే ఇదే పార్క్ కింద ఉన్న గువేవి అనే పాత మిషన్‌కు వెళ్లాలి. 1767లో ఆఖరి జెస్యూట్ కుస్తోదియో హిమెనో ఉన్నది అక్కడే. రేంజర్ల వెంట తప్ప సొంతంగా వెళ్లనివ్వరు, ముందే బుక్ చేసుకోవాలి. తేదీలు పార్క్ వెబ్‌సైట్‌లో పెడతారు. నాకు స్లాట్ దొరకగానే అక్కడి వీడియో పెడతాను. ఈలోగా మీరు వెళ్లొస్తే ఆ పునాది గీతల ఫొటో పంపండి.