మళ్లీ వచ్చే పొరుగువాడు

శ్రోతలందరికీ నమస్కారం.

మన ఊళ్లలో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ రోజు వీధి వీధంతా అక్కడే ఉంటుంది. ఒకరు షామియానా వేయిస్తారు, ఒకరు కాఫీ ఫ్లాస్కు పంపుతారు, ఆ పూటకు వంట పక్కింట్లో అవుతుంది. క్రైస్తవ కుటుంబమైతే సంఘమంతా కదిలి వస్తుంది. సమాధి కార్యక్రమం అవుతుంది, ఆ తరువాత ఆదరణ కూడిక జరుగుతుంది, పాస్టరుగారు వాక్యం చెబుతారు. ఇందులో ఏ లోటూ ఉండదు. నా బాధంతా ఆ పైన వచ్చే వారాల గురించే. కూడికకు తెచ్చిన కుర్చీలు వెళ్లిపోయాక, ఆ ఇంట్లో మిగిలిన ఆడమనిషికి భర్త పేరున ఉన్న బ్యాంకు ఖాతా సంగతి ఎవరు చూడాలి? మరణ ధ్రువీకరణ పత్రానికి ఎక్కడ అర్జీ పెట్టాలో, పింఛనుకు ఏ కాగితాలు జతచేయాలో ఎవరు చెప్పాలి? రెండో నెల అద్దె సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నలతో నేను మళ్లీ మళ్లీ వెళ్లేది లూకా సువార్త పదో అధ్యాయానికి. మంచి సమరయుని కథ క్రైస్తవులు కానివారికీ తెలిసిందే. యెరూషలేము కొండల మీద ఉంటుంది, యెరికో సముద్రమట్టానికి కూడా దిగువన ఉంటుంది. నడుమ పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి, అంతా రాళ్లూ దిగుడూ. ఆ దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి, దోచుకుని, కొనప్రాణంతో వదిలేశారు. యాజకుడు చూసి తప్పుకుపోయాడు, దేవాలయ సేవ చేసే లేవీయుడూ అంతే. యూదులు పొత్తు పెట్టుకోని జాతికి చెందిన సమరయుడు ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు.

ప్రసంగాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. కథ మాత్రం ఆగదు. మరునాడు అతను రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టాడు. యేసు చెప్పిన మరో కథలో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారం, అంటే ఇది రెండు రోజుల కూలి. పెట్టి, ఇతణ్ణి చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే నేను మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తాను అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎంతసేపైనా నిలబడిపోతాను. అతను తన ప్రయాణం మానుకోలేదు, తన పని మీద తాను వెళ్లాడు. అయినా గాయపడినవాణ్ణి తన లెక్కలోంచి తీసేయలేదు. సేవ చేయాలంటే ఇల్లూ ఉద్యోగమూ వదులుకోవాలేమో అని జంకేవారికి ఇంతకంటే ధైర్యమిచ్చే మాట నాకు కనిపించలేదు. దెబ్బలు తిన్నవాడి ఊరేదో, కులమేదో, ఏ దేవుణ్ణి మొక్కుతాడో సమరయుడు అడిగినట్టు ఆ కథలో ఎక్కడా లేదు.

ఈ చివరి సంగతి మన నేల మీదా ఒకసారి పరీక్షకు వచ్చింది. 1876లో మొదలైన పెద్ద కరవులో ఒంగోలు ప్రాంతం మాడిపోయింది. అక్కడ పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారిని మాత్రం ఆ కరవు రోజుల్లో ఆపి ఉంచారు. అన్నం కోసం ఎవరూ మతం మారకూడదన్నది ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చరిత్రలో చదువుతాం. అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. నా దృష్టిలో ఆయన ఆపి ఉంచిన ఆ నెలలే గొప్పవి. సాయం వెనుక షరతు ఉందన్న అనుమానం వస్తే తీసుకునేవాడి తల వంగిపోతుంది.

పొరుగువారి అవసరం చాలాసార్లు చేతికందేంత చిన్నదిగానే ఉంటుంది. నాకు తెలిసిన ఒక పెద్దావిడకు చదువు రాదు. బీపీ, షుగరు, గుండె మందులు, అన్నీ తెల్ల బిళ్లలే. ఎదురింటి అమ్మాయి, తొమ్మిదో తరగతి పిల్ల, మందుల కవర్ల మీద పెన్నుతో బొమ్మలు వేసి ఇచ్చింది. పొద్దున వేసుకునే దాని మీద సూర్యుడు, రాత్రిదాని మీద చంద్రుడు, అన్నం తిన్నాక వేసుకునేదైతే పక్కనే ఒక కంచం. డాక్టరు మందు మార్చినప్పుడల్లా ఆ పిల్ల వచ్చి కొత్త కవర్ల మీద మళ్లీ వేసి వెళుతుంది. "నాయనమ్మా, అరబిళ్ల ఏదో చూపించు" అని అప్పజెప్పించుకుంటుంది కూడా. ఆదివారం బడిలో ఆ అమ్మాయి ఎన్ని వచనాలు కంఠతా పట్టిందో నాకు తెలియదు కానీ, యేసు చెప్పిన కథ ఆమెకు అర్థమైంది.

బైబిలులో యాకోబు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, మాట కాస్త కటువుగానే ఉంటుంది. బట్టలేనివాణ్ణి, ఆ పూట తిండిలేనివాణ్ణి చూసి, చేతికి ఏమీ ఇవ్వకుండా చలి కాచుకో, కడుపునిండా తిను అని పంపేస్తే ఏం లాభమని నిలదీస్తాడు. గేటు దగ్గరే నిలబడి "మీ కోసం ప్రార్థన చేస్తామండీ" అని వెళ్లిపోయే మనందరినీ ఆ ప్రశ్న తాకుతుంది. ప్రార్థన చిన్న విషయమని నేను అనను. ప్రార్థించిన మనిషి మర్నాడు ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్లాలన్నదే నా మనవి. డోర్నకల్ వైపు సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండడానికి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు సంఘానికి కానుకగా విడిగా వేసి ఉంచే అలవాటు ఉండేది. వాళ్లలో చాలామంది రెక్కాడితేగాని డొక్కాడనివారే.

మీ వీధిలో ఈ మధ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినవారెవరో మీకు తెలిసే ఉంటుంది. పరామర్శకు వచ్చేవారు తగ్గాక ఒకసారి వెళ్లండి. పళ్లు లేకపోయినా పరవాలేదు. డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో అడగండి, ఆ తేదీ మీ ఇంటి క్యాలెండరు మీద రాసుకోండి. ఆ రోజు ఓపీ చీటీ తీసుకునే వరుసలో వారికి బదులు మీరు నిలబడండి.

సెలవు. నమస్కారం.