గవర్నర్ ప్రయాణ ఖర్చు ఏ తూము నుంచి పారుతుంది?

నమస్కారం. మొన్న నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే ఒక పెద్దమనిషి గట్టిగా తేల్చేశారు: "గవర్నర్‌ను పెట్టేది ఢిల్లీ. ఆయన తిరిగితే ఖర్చు కూడా ఢిల్లీదే. మనకేం పోయింది?" పక్కనే ఉన్న కుర్రవాడు అంతకన్నా ఒక మెట్టు పైకెక్కాడు: "అసలు గవర్నర్‌ను ఎవరూ లెక్క అడగకూడదండీ, రాజ్యాంగంలోనే రాశారు." ఇద్దరిదీ తప్పే. చాయ్ చల్లారింది కానీ నా కోపం చల్లారలేదు. అందుకే ఈ వీడియో.

[తెర మీద: పానగల్ ఉదయ సముద్రం, చెరువు కట్ట మీద నడుస్తూ]

ఇది పానగల్ ఉదయ సముద్రం. కందూరు చోళుల కాలం నాటి చెరువు. ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి (ఏఎంఆర్) ప్రాజెక్టు కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు వచ్చి ఇందులో పడుతున్నాయి. రాష్ట్ర ఖజానాను, అంటే సంచిత నిధిని, ఇలాంటి చెరువు అనుకోండి. మనం పెట్రోలు పోయించుకున్నప్పుడు, స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పుడు కట్టిన పన్నులన్నీ వాగుల్లా వచ్చి ఇందులో కలుస్తాయి. నీళ్ళు బయటికి వెళ్ళడానికి రెండు తూములు ఉన్నాయి.

మొదటి తూము దగ్గర ఊరంతా కూర్చుంటుంది. శాసనసభలో పద్దు పెడతారు, సభ్యులు ఓటు వేస్తారు, అప్పుడే తలుపు లేస్తుంది. రెండో తూముకు ఓటు ఉండదు, దాని తలుపు ఎప్పుడూ ఎత్తే ఉంటుంది. రాజ్యాంగం 202వ అధికరణం ఆ తూము కింద ఎవరెవరి మళ్ళు ఉన్నాయో జాబితా ఇచ్చింది. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, స్పీకర్ జీతం, రాష్ట్రం చేసిన అప్పుల మీద వడ్డీ అందులోనివే. ఆ జాబితాలో మొట్టమొదటి మడి గవర్నర్‌ది. జీతం, భత్యాలు, ఆ కార్యాలయానికి అయ్యే ఇతర ఖర్చు, అన్నీ రాష్ట్ర సంచిత నిధి మీదే పడతాయి. నియమించింది ఢిల్లీ అయినా, నీళ్ళు మన చెరువువి. పెద్దమనిషి గారి వాదన ఇక్కడితో ఆగిపోయింది.

ఓటు లేకుండా ఎందుకు పెట్టారు? ముఖ్యమంత్రికి కోపం వచ్చిందని గవర్నర్ జీతం ఆపకూడదు కాబట్టి. పదవిలో ఉన్నంత కాలం ఆ జీతభత్యాలు తగ్గించకూడదని 158వ అధికరణం కూడా చెబుతుంది. 2018లో గవర్నర్ జీతాన్ని నెలకు 3.5 లక్షల రూపాయలు చేశారు. నాకు ఆ జీతం మీద ఏ తగాదా లేదు. రెండో తూము ఉండవలసిందే అనే నేను కూడా అంటాను.

కానీ ఓటు లేదు అంటే నోరు లేదు అని కాదు. 203వ అధికరణం చదవండి. ఈ ఖర్చును ఓటుకు పెట్టరు, అయితే దాని మీద సభలో చర్చ జరపడానికి అడ్డేమీ లేదు అని స్పష్టంగా ఉంది. తలుపు మీరు దించలేరు, కానీ ఎన్ని నీళ్ళు పోయాయో చూసే హక్కు ఉంది. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీలో ఆర్థిక మంత్రి పళనివేల్ త్యాగరాజన్ లేచి, రాజ్‌భవన్ విచక్షణ నిధిని, అంటే గవర్నర్ తన ఇష్టం మేరకు ఖర్చు పెట్టే డబ్బును, 50 లక్షల నుంచి 5 కోట్లకు ఎప్పుడు పెంచారో, ఆ డబ్బు ఎటు వెళ్ళిందో అంకెలతో చెప్పారు. అది ప్రయాణాల పద్దు కాదు, రాజకీయం లేని ప్రసంగం కూడా కాదు. కానీ ఆ తూము గురించి సభలో మాట్లాడవచ్చని అందరికీ కనిపించింది.

ఇక కుర్రవాడి రాజ్యాంగం. అతను విన్నది 361వ అధికరణం. తన అధికారాల వినియోగానికి గవర్నర్ ఏ కోర్టుకూ జవాబుదారీ కాదు, పదవిలో ఉండగా క్రిమినల్ కేసు నడపరాదు. అంతే. ఆ గొడుగు మనిషి నెత్తిన ఉంది, ఖాతా పుస్తకం నెత్తిన లేదు. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఆ పుస్తకాన్నీ చూస్తుంది. బడ్జెట్‌లో దానికి ఒక పద్దు సంఖ్య కూడా ఉంది: 2012. సంవత్సరం అనుకునేరు, కాదు. దేశమంతటా రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్ల ఖర్చు రాసే ప్రధాన పద్దు సంఖ్య అది. దాని లోపల పర్యటన ఖర్చులకు ఒక ఉపపద్దు, వాహనాలకు ఇంకొకటి, అతిథి మర్యాదలకు మరొకటి. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైటులోనే ఉంటాయి. బరువైన పీడీఎఫ్‌లు, కళ్ళు కాయలు కాస్తాయి, కానీ దొరుకుతాయి.

[ఇక్కడ కట్ట దిగి తూము దగ్గరికి]

అసలు సంగతి ఇప్పుడు వస్తుంది, నన్ను బాగా కట్టిపడేసేది ఇదే. చెరువు కింద వ్యవసాయం చేసినవారికి తెలుసు, తూము దగ్గర కొలిచిన నీళ్ళే మొత్తం కాదు. కట్ట అడుగు నుంచి ఊట ఉంటుంది. పైకి కనిపించదు, కానీ కట్ట కింద పొలం తడిగానే ఉంటుంది.

గవర్నర్ నల్లగొండకు వస్తున్నారు అనుకోండి. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం. ఆయన కులపతి కాబట్టి రావడం విధి. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. రాజ్‌భవన్ కారు, డీజిల్, వెంట వచ్చే సిబ్బంది భత్యం, ఇవి 2012 పద్దులోకి వెళతాయి. దారి పొడవునా నిలబడే పోలీసుల జీతభత్యాలు? పోలీసు శాఖ పద్దు. హెలికాప్టర్ ఇస్తే ఆ అద్దె? ప్రభుత్వం వేరే పద్దులో కడుతుంది. వేదిక, పందిరి, భోజనాలు? విశ్వవిద్యాలయం. రెండు రోజుల ముందు హడావుడిగా పూడ్చిన గుంతలు? రోడ్లు భవనాల శాఖ. (ఆ గుంతలు మనం అడిగితే పూడవు. అది వేరే వీడియో.)

అంటే "గవర్నర్ పర్యటన ఖర్చు ఇంత" అని ఎవరైనా ఒకే అంకె చెబితే, అది తూము దగ్గర కొలిచిన అంకె మాత్రమే. ఊట లెక్క అందులో లేదు. ఇందులో ఒక తమాషా ఉంది. తూము నీళ్ళకు ఓటు లేదు, ఊట నీళ్ళకు ఓటు ఉంది. పోలీసు పద్దు, రోడ్ల పద్దు అన్నీ సభ ఓటు వేసి ఇచ్చినవే. మన ఎమ్మెల్యేలు చేయెత్తి ఇచ్చిన డబ్బు గురించే మనం అడగడం లేదు.

ఊట తాళం ఎవరి చేతిలో ఉందో చూడండి. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో. 2022లో గవర్నర్‌గా ఉన్న తమిళిసై సౌందరరాజన్ మేడారం జాతరకు రోడ్డు మీదే వెళ్ళారు. హెలికాప్టర్ అడిగినా ప్రభుత్వం నుంచి స్పందన రాలేదని తర్వాత బహిరంగంగానే చెప్పారు. ఆ ఏప్రిల్‌లో భద్రాచలానికి రైలులో వెళ్ళారు. 2021 ఫిబ్రవరిలో మహారాష్ట్ర గవర్నర్ భగత్‌సింగ్ కోశ్యారీ డెహ్రాడూన్ వెళ్ళడానికి ప్రభుత్వ విమానం ఎక్కి కూర్చున్నాక, అనుమతి రాలేదని దిగి, మామూలు ప్రయాణికుల విమానంలో వెళ్ళవలసి వచ్చింది. రెండు చోట్లా వార్తల నిండా గౌరవం, అవమానం అన్న మాటలే. ఆ ప్రయాణం అధికారికమా, సొంతమా, ఏ పద్దులో రాయాలి అని చర్చ జరగవలసిన చోట మనవాళ్ళు పరువు గురించి కొట్టుకున్నారు. నాకు విసుగు పుట్టేది అక్కడే.

ఎందుకంటే అన్ని ప్రయాణాలూ ఒకటి కావు. మన నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతం ఉంది. అయిదో షెడ్యూల్ ప్రకారం అలాంటి ప్రాంతాల పాలన గురించి గవర్నర్ రాష్ట్రపతికి నివేదిక పంపాలి. చెంచుల గూడేలకు, అంటే పెంటలకు, వెళ్ళకుండా ఆ నివేదిక ఎలా రాస్తారు? నల్లమలకు నెలకోసారి వెళ్ళినా నేను ఒక్క రూపాయి లెక్క అడగను. సరే, లెక్క అడుగుతాను, కానీ సణగను. సొంత రాష్ట్రంలో బంధువుల పెళ్ళికి వెళ్ళడం మాత్రం వేరు. అదే కారు, అదే డీజిల్, అదే తూము కావచ్చు, కానీ రాసే వరుస వేరుగా ఉండాలి.

దీనికి నిబంధనలు లేవా? ఉన్నాయి. గవర్నర్ల భత్యాల చట్టం 1982లో వచ్చింది, దాని కింద నియమాలు 1987లో వచ్చాయి. పర్యటనలకు, ఇంటి నిర్వహణకు ఎంత వరకు ఖర్చు చేయవచ్చో పరిమితులు కేంద్రం వైపు నుంచే వస్తాయి. నీళ్ళు మన చెరువువి, కొలత కర్ర మాత్రం ఢిల్లీది. 2015లో కేంద్ర హోం శాఖ ఇంకొంచెం బిగించింది. రాష్ట్రం దాటాలంటే రాష్ట్రపతి ముందస్తు అనుమతి కావాలి, ఏడాదిలో కనీసం 292 రోజులు తమ రాష్ట్రంలోనే ఉండాలి. అంటే బయట గడపడానికి మిగిలేవి 73 రోజులు.

మరి ఒకే గవర్నర్ రెండు రాష్ట్రాలకు ఉంటే? 2014 నుంచి 2019 వరకు మనం చూశాం, నరసింహన్ గారు తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ గవర్నర్. రెండు చెరువుల మీద నీళ్ళు పంచే నీరటి ఒక్కడే. అలాంటప్పుడు ఎవరి వాటా ఎంతో రాష్ట్రపతి ఉత్తర్వుతో నిర్ణయిస్తారు. 158వ అధికరణంలో అందుకోసమే 3ఏ అని ఒక క్లాజు చేర్చారు. దీని మీద ఇంకా చాలా చెప్పాలని ఉంది కానీ చీకటి పడుతోంది, కెమెరా పట్టుకున్న మా తమ్ముడు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూపించాడు.

త్వరగా చెబుతాను. మీరు అడగాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. రాజ్యాంగం ద్వారా ఏర్పడిన ప్రతి అధికార సంస్థ దాని కిందకు వస్తుంది. రాజ్‌భవన్‌కు దరఖాస్తు చేయండి. ఇప్పుడు లోక్‌భవన్ అని పేరు మార్చారు, నా నాలుకకు ఇంకా పాత పేరే వస్తోంది. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. భద్రత వివరాలు అడగకండి, 8వ సెక్షన్ చూపించి తిప్పి పంపుతారు. ఏ దారిన వెళ్ళారు, ఎంతమంది పోలీసులు అని వద్దు. ఒక ఆర్థిక సంవత్సరంలో పర్యటన ఉపపద్దు కింద మొత్తం ఖర్చు ఎంత, రాష్ట్రం లోపల ఎంత, బయట ఎంత, బయటి వాటిలో అధికారికం ఎన్ని, సొంతం ఎన్ని. ఈ అయిదూ చాలు.

కాగ్ నివేదిక, ప్రజా పద్దుల సంఘం గురించి ఈసారి చెప్పలేను. వెలుతురు పోయింది.

ఆఖరుగా ఒక్క మాట. ఊట లెక్క కోసం రాజ్‌భవన్‌ను అడిగితే "మా వద్ద సమాచారం లేదు" అంటారు, అది నిజం కూడా. ఆ దరఖాస్తులు పోలీసు శాఖకు ఒకటి, రోడ్లు భవనాల శాఖకు ఒకటి, విశ్వవిద్యాలయానికి ఒకటి, విడివిడిగా పంపాలి. గుంతల దరఖాస్తు నేను పంపేశాను. గడువుకు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. కాగితం వచ్చిన రోజు ఇదే కట్ట మీద నిలబడి చదివి వినిపిస్తాను.