గోరీ ఎందుకు కుంగుతుంది? కట్టే ముందు, కట్టాక చూసుకోవలసినవి

[దృశ్యం: వానలు తగ్గిన ఊరి శ్మశానం. తలవైపు కుంగి, నడుమ చీలిన ఒక గోరీ. పక్కనే పాచి పట్టిన తెల్ల టైల్స్, సగం చెరిగిన పేరు.]

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి శ్మశానానికి వెళ్లినా ఇలాంటిది ఒక్కటైనా కనబడుతుంది. కట్టి రెండేళ్లు కూడా అయ్యుండదు. ఇంట్లోవాళ్లు మేస్త్రీని తిడతారు, మేస్త్రీ సిమెంటును తిడతాడు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు, కట్టిన తేదీది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, చెన్నై నుంచి పిల్లలు ఊరొస్తారు. సెలవు పది రోజులు. ఉత్తరాంధ్రలో పెద్ద పండగంటే పెద్దలకు బట్టలు పెట్టుకునే పండగ. ఆ లోపల నాన్న గోరీ కట్టేసి, సున్నం వేసేసి, పండగనాడు దీపం పెట్టాలని ఆశ. తప్పులేని ఆశే. కానీ అక్టోబరులో పూడ్చిన గుంట మీద జనవరిలో కట్టడం లేపితే, అది మరుసటి వానాకాలానికి కుంగకపోతేనే వింత.

[దృశ్యం: గుంట అడ్డుకోత బొమ్మ. అడుగున దేహం, పైన వదులు మట్టి, చుట్టూ గట్టి నేల.]

కారణం చూద్దాం. గుంట పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు రెండున్నర, లోతు ఐదారు అడుగులు అనుకోండి. తవ్విన మట్టి ఉబ్బుతుంది. అదే మట్టి తిరిగి గుంటలో వేస్తే పట్టదు, పైన దిబ్బలా మిగులుతుంది. ఆ మట్టి మధ్య అంతా గాలి. వాన నీరు దిగేకొద్దీ మట్టి సర్దుకుంటుంది. దేహం కరిగేకొద్దీ అడుగున ఖాళీ పడుతుంది. చెక్క పెట్టెలో పూడ్చితే ఇంకో సంగతి ఉంది: పెట్టె మూత కొన్నాళ్లు బరువు మోస్తుంది, కుళ్లాక ఒక్కసారిగా విరుగుతుంది. అందుకే క్రైస్తవుల సమాధుల్లో ఏడాది బాగున్నది కూడా తరువాత ఉన్నట్టుండి దిగిపోతుంటుంది.

కాబట్టి మొదటి నియమం: పూడ్చాక ఒక వానాకాలం పూర్తిగా గడవాలి. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఈ రెండు విడతలూ దాటాక నేల కొంతవరకు కుదుటపడుతుంది. కట్టడానికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే వరకు. సంవత్సరీకం అయ్యాక కడితే శాస్త్రానికీ సరిపోతుంది, మట్టికీ సరిపోతుంది. ఈలోగా దిబ్బ దిగినప్పుడల్లా పైన మట్టి వేసి దిమ్మిసతో కొట్టండి. తలవైపు గుర్తుకు ఒక రాయి పాతితే చాలు.

దహనం చేసిన చోట కట్టేవాళ్లకు ఈ బెడద లేదు. అక్కడ చూడాల్సింది బూడిద. బూడిద కలిసిన పై మట్టిని అర అడుగు వరకు చెక్కి తీసేసి, గట్టి నేల తగిలాకే పునాది వేయాలి. కట్టెల బూడిదలో నీటికి కరిగే లవణాలుంటాయి. తేమతో పాటు అవి ఇటుకలోకి ఎక్కి, గోడ మీద తెల్లగా పూస్తాయి, రంగును తోసేస్తాయి. అస్థికలు నదిలో కలపగా మిగిలినవి కుండలో పెట్టి పైన చిన్న అరుగు కట్టుకునేవాళ్లు, కుండ చుట్టూ ఇసుక నింపి, మూత మీద బరువు పడకుండా చిన్న రాతిపలక అడ్డం వేయండి.

[దృశ్యం: గునపంతో నేలను పొడిచి చూడటం. దగ్గరగా: గునపం మొన దిగిన లోతు.]

ఇప్పుడు అసలు కిటుకు. కట్టడం బరువు గుంట మీద పడకూడదు. గుంటకు రెండు పక్కలా కదలని నేల మీద పడాలి. నాలుగు కాళ్ల మీద మంచం నిలబడ్డట్టు, గుంటను దాటుతూ శ్లాబు నిలబడాలి. కింద మట్టి రేపు అర అడుగు దిగినా శ్లాబుకు సంబంధం ఉండదు.

ముందు గుంట అంచు ఎక్కడో తేల్చుకోవాలి. గునపంతో వరసగా పొడుచుకుంటూ రండి. తవ్విన మట్టిలో సులువుగా దిగుతుంది, గట్టి నేలలో మొరాయిస్తుంది. ఆ మొరాయించిన చోటు నుంచి కనీసం అడుగు వదిలి పునాది కాలువ తీయాలి. గార, సోంపేట వైపు ఇసుక నేలల్లో అడుగు చాలదు. ఇసుకలో గుంట తీసినప్పుడు పక్కలు జారిపోతాయి కాబట్టి కదిలిన నేల గుంటకన్నా వెడల్పు ఉంటుంది. అక్కడ అడుగున్నర వదలండి.

పొడవు వైపులా రెండు కాలువలు, ఒక్కోటి అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. నల్లరేగడి అయితే మూడడుగులకు తగ్గొద్దు, ఎండకు బీటలిచ్చే నేల అది. అడుగున నాలుగంగుళాల కాంక్రీటు, సిమెంటు ఒకటికి నాలుగు ఇసుక, ఎనిమిది కంకర. దాని మీద బండరాయి కట్టుబడి. నేల మీదికి అర అడుగు లేపి శ్లాబు వేయండి.

ఆరున్నర, రెండున్నర అడుగుల గుంటకు లెక్క ఇది. శ్లాబు తొమ్మిది అడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు, ఐదంగుళాల మందం. అడ్డంగా, అంటే వెడల్పు వైపు, పది ఎంఎం కడ్డీలు అరడుగుకొకటి. నిలువుగా, అంటే పొడవు వైపు, ఎనిమిది ఎంఎం, ఎనిమిదంగుళాలకొకటి. పది ఎంఎం సుమారు 23 కిలోలు, ఎనిమిది ఎంఎం 11 కిలోలు. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లు. ఆరు బస్తాలు దగ్గర పెట్టుకోండి. బరువు మోసేవి అడ్డం కడ్డీలు, అవి అడుగున ఉండాలి. వాటిని పైన కట్టి, నిలువువి కింద పెట్టడం తరచు జరిగే పొరపాటు. ఇనుము కట్టేటప్పుడు ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉండండి. కాంక్రీటు పోశాక చూడ్డానికి ఏమీ మిగలదు.

కడ్డీల కింద ఎంత కాంక్రీటు ఉందన్నది ఇంకో ముఖ్య విషయం. లోపలి మండలాల్లో అంగుళం పావు చాలు. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో అంగుళం ముప్పావు ఉండాలి. ఉప్పు గాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును అడుగు నుంచి పెచ్చులుగా ఊడదీస్తుంది. కడ్డీల కింద సిమెంటు బిళ్లలు పెట్టించండి. రాతి ముక్కలు పెడితే కాంక్రీటు పోసేటప్పుడు జారిపోతాయి. గుంట మీది మట్టినే అచ్చుగా వాడుతుంటే దాన్ని సమంగా చదును చేసి, ప్లాస్టిక్ షీటు పరవండి.

శ్లాబును కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. పండగకు వచ్చినవాళ్లకు మా సలహా: పూడ్చాక ఒక వానాకాలం గడిచి ఉంటే, ఈ పండగకు పునాది, శ్లాబు వేసి వెళ్లండి. గోడ, ప్లాస్టరు, పలక వేసవిలో చేయించండి. గోరీ రెండు విడతలుగా కడితే ఏ దోషమూ లేదు.

[దృశ్యం: ఇటుకలు నీళ్ల తొట్టిలో. వరస మీద వరస కట్టుబడి.]

పై కట్టడం తేలిక. ఏడడుగులు, మూడున్నర, రెండడుగుల ఎత్తు గోరీకి తొమ్మిదంగుళాల గోడ చుట్టూ లేపితే 370 ఇటుకలు పడతాయి, విరిగేవి కలుపుకొని నాలుగొందలు తెప్పించుకోండి. సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్ల మాలు, సిమెంటు బస్తాన్నర. ఇటుకల్ని నీళ్లలో నానబెట్టకుండా కడితే మాలులో నీరు ఇటుక పీల్చేసుకుంటుంది, అతుకు పట్టదు. లోపల బంకమట్టి నింపకండి. తడికి ఉబ్బి గోడను తోస్తుంది. ఇటుక ముక్కలు, ఇసుక నింపండి. అడుగు వరసలో రెండు చోట్ల సందు వదిలితే లోపల చేరిన నీరు బయటికి పోతుంది. పైభాగం సమంగా ఉండకూడదు, నడుమ నుంచి రెండు పక్కలకూ అంగుళం వాలు పెట్టండి. నీరు నిలిచే గోరీ మీదే పాచి పడుతుంది, పాచి మీదే రావి మొలుస్తుంది.

లోపల మట్టి నింపి, అది బద్దలవకుండా ఆపే సమస్య మన జిల్లాకు కొత్తది కాదు. గార మండలం శాలిహుండం కొండ మీద, వంశధార ఒడ్డున, బౌద్ధుల స్తూపాలున్నాయి. 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గుర్తించిన చోటు అది. స్తూపమంటే మొదట అస్థికలను నిక్షేపించి మీద కట్టిన దిబ్బే. అక్కడి ఇటుక స్తూపాల్లో కొన్నింటి పునాది బండిచక్రం ఆకారంలో ఉంటుంది: నడుమ ఇరుసు చోట కుంభం, చుట్టూ ఆకుల్లా అడ్డగోడలు. ఆ ఆకులు అందానికి కాదు. మట్టిని గదులుగా విడగొట్టి, బరువంతా బయటి గోడ మీదికే తోయకుండా ఆపుతాయి. తవ్వకాల్లో ధాతు కరండాలూ, అంటే అస్థికలు దాచే భరిణెలూ, దొరికాయి. ఇప్పటి తాపీ పనివాళ్లు వెళ్లి చూసి రావలసిన చోటని మా అభిప్రాయం, యాత్ర కోసం కాకపోయినా పని కోసం.

[దృశ్యం: కొండ ఊరి అంచున నిలబెట్టిన రాళ్లు.]

అసలు సిమెంటే అక్కర్లేని దారి కూడా ఉంది. మెళియాపుట్టి, మందస, సీతంపేట వైపు కొండల్లో సవరలు చనిపోయినవాళ్ల పేర రాయి నిలబెడతారు. ఆ క్రతువును గువార్ అంటారు. రాయి నిలబెట్టేటప్పుడు పొడవులో మూడో వంతు భూమిలో ఉంటే గాలికీ, పశువులు ఒరుసుకున్నా ఒరగదు. సిమెంటు పట్టించని నిలువు రాయికి పాడయ్యేదేమీ ఉండదు.

[దృశ్యం: గ్రానైటు పలక మీద అక్షరాలు చెక్కుతున్న యంత్రం. దగ్గరగా: అక్షరం లోతు.]

పలక సంగతి. టెక్కలి చుట్టుపక్కల దొరికే నీలి గ్రానైటును యూరప్ దేశాల్లో సమాధి రాళ్లకు కొంటారు. మనవాళ్లు మాత్రం తెల్ల పాలరాయి కావాలంటారు. పాలరాయి మీద పసుపు పడితే మరక పోదు, నూనె ఇంకుతుంది, నిమ్మకాయ పిండితే ఉపరితలం గరుకుతేలుతుంది. దీపం, పసుపు, కుంకుమ పడే చోట గ్రానైటే మేలు. పైన రాసిన నల్లరంగు అక్షరాలు నాలుగైదేళ్లకు ఎండకు పోతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కిస్తే రంగు పోయినా పేరు చదవొచ్చు. పలకను వెనక సిమెంటు పూసి అంటించి ఊరుకోకండి, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు రెండు వేయించండి. ఇనుప పట్టీలైతే తుప్పు చారలు పలక మీదికి దిగుతాయి.

పలక మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు మామూలే. మనవాళ్లు మరిచిపోయేది తిథి. తద్దినం తిథిని బట్టే పెడతాం. "కార్తీక బహుళ పంచమి" అని మాసం, పక్షం, తిథి చెక్కించి పెడితే, ముప్పై ఏళ్ల తరువాత మనవలు పంచాంగం పట్టుకొని తిప్పలు పడక్కర్లేదు. చెక్కేవాడికి నోటితో చెప్పకండి, కాగితం మీద రాసి ఇచ్చి, చెక్కేముందు రంగుతో గీసిన అక్షరాల్ని ఇంకొకరి చేత చదివించండి. రాతి మీద దిద్దుబాటు ఉండదు.

దిక్కు ఆచారాన్ని బట్టి. పూడ్చే హిందూ కులాల్లో తల దక్షిణం వైపు. జంగాలు కూర్చోబెట్టి పూడుస్తారు కాబట్టి వాళ్ల గుంట చదరంగా ఉంటుంది, శ్లాబు కూడా చదరంగానే వేయాలి, రెండు దిక్కులా ఒకే మందం కడ్డీలు. ముస్లింల కబరులో తల ఉత్తరం, ముఖం పడమర. మామూలు కబరు మీద కట్టడం వద్దని చాలామంది మట్టిగానే ఉంచుతారు, ఏటా మట్టి ఎత్తి నీళ్లు చల్లుతారు. విజయనగరం బాబామెట్ట దర్గాలాంటివి వేరు, అవి ఔలియాలవి, అంటే ముస్లిం సాధువులవి.

సొంత పొలంలో కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు పంచాయతీలో అడగండి. తరువాత ఆ పొలం అమ్ముడుపోతే గోరీకి దారి ఎవరిది అన్న తగాదా మన కోర్టుల్లో కొత్త కాదు. అమ్మేటప్పుడు దస్తావేజులోనే అంత స్థలం, దారి మినహాయించి రాయించండి. నాగావళి, వంశధార ఒడ్డున వరద గుర్తు ఎక్కడి దాకా వస్తుందో పెద్దవాళ్లని అడిగి, దానికి పైన కట్టండి.

[దృశ్యం: భోగి ముందు రోజులు. సున్నం కలుపుతున్న బకెట్టు, కుంచె.]

ఏటా పండగకు ముందు పని. పాచిని తీగబ్రష్‌తో కాదు, కొబ్బరి పీచుతో నీళ్లు పోసి తోమండి. పలక మీద యాసిడ్ పోయకండి. రంగులో ప్లాస్టిక్ పెయింటు కంటే సున్నం నయం: నేలలోంచి ఎక్కే తేమను సున్నం బయటికి వదులుతుంది, పెయింటు లోపల బంధిస్తుంది, ఆ తేమే పెయింటును పొరలుగా లేపుతుంది. సున్నం ముందురోజు రాత్రి తడిపి, గుడ్డలో వడకట్టి, నానబెట్టిన తుమ్మబంక కొంచెం కలిపి, పలచగా మూడు పూతలు. ఒక్క మందపు పూత వేస్తే రాలిపోతుంది.

పెద్దలకు బట్టలు పెట్టుకునేది ఇంట్లోనే, విస్తరిలో వాళ్లకిష్టమైనవి వడ్డించి, సాంబ్రాణి వేసి. గోరీ దగ్గర దీపం, పూలు, కొబ్బరికాయ. దీపానికి తలవైపు గోడలో చిన్న గూడు కట్టేటప్పుడే పెట్టించుకుంటే గాలికి ఆరదు, నూనె పలక మీద కారదు. కొబ్బరికాయను పలక అంచు మీద కొట్టకండి, పెచ్చు లేస్తుంది. పక్కన ఒక రాయి వేసుకోండి.

పక్కన మొక్క వేయాలనుకుంటే గన్నేరు, నందివర్ధనం. రావి, మర్రి, వేప వద్దు. పగులులో మొలిచిన రావిని వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా లాగాలి. పైన నరికి ఊరుకుంటే వేరు లోపల లావెక్కుతుంది.

[దృశ్యం: రెండు రకాల పగుళ్లు పక్కపక్కన.]

చివరగా, పగులు కనబడితే వెంటనే సిమెంటు పూసేయకండి. ప్లాస్టరు మీద సాలెగూడులా సన్నగా ఉంటే అది ఎండకు వచ్చింది, సున్నంతో పోతుంది. ఇటుక వరసల్ని మెట్లు మెట్లుగా చీల్చుకుంటూ పోయిందంటే కింద నేల దిగుతోంది. పగులుకు అడ్డంగా ఒక చిన్న గాజు ముక్కను సిమెంటుతో అంటించి, తేదీ రాసి పెట్టండి. వానాకాలం పోయాక గాజు పగిలి ఉంటే ఇంకా దిగుతోందన్నమాట, ఇంకో ఏడాది ఆగండి. గాజు అలాగే ఉంటే నేల ఆగింది. అప్పుడు పగులును అంగుళం లోతు చెక్కి, తడిపి, ఒకటికి మూడు మాలు కూరి పూడ్చండి.