పాలమూరు గుంపు ఏ రకం సమూహం? సోషియాలజీలో సామాజిక సమూహాలు

(తెర మీద: జడ్చర్ల బస్టాండు, పొద్దుటి రద్దీ)

నమస్తే. పాలమూరు గుంపు అంటే మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి మేస్త్రీ వెంట వలస పనికి పోయే కూలీల జట్టు. అది ఏ రకం సమూహమో తేల్చాలంటే ముందు సమూహం అంటే ఏంటో చూడాలి. ఈ బస్టాండులో ఇంతమంది నిలబడి ఉన్నారు కదా, వీళ్లను సామాజిక సమూహం అనొచ్చా? సోషియాలజీ అనదు. అందరూ ఒకేచోట ఉన్నారు, అంతే. బస్సు రాగానే ఎవరి దారి వారిది. అలాగే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఇరవై ఏళ్ల వయసున్న వాళ్లందరినీ కలిపి లెక్క తీస్తే అదొక కేటగిరీ అవుతుంది. అదీ సమూహం కాదు.

సమూహం అనాలంటే మనుషుల మధ్య రాకపోకలు, మాటామంతీ కొంతకాలం సాగాలి. ఎవరి నుంచి ఏం ఆశించాలో ఒకరికొకరు తెలిసుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ‘మేం’ అన్న భావన ఉండాలి.

దీపావళి దాటాక జరిగే కురుమూర్తి జాతరే తీసుకోండి. కొండ దగ్గరికి చేరే వేలాది జనానికి ఒకరికొకరు ముఖపరిచయం కూడా ఉండదు. అదే జాతరకు స్వామివారి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డెమాన్ అనే ఊరి నుంచి వస్తాయి. వాటిని సిద్ధం చేసి సాగనంపే పనిలో ఎవరి బాధ్యత ఏంటో అక్కడివాళ్లకు తరాలుగా తెలుసు. ఒకే జాతర, కానీ ఒకచోట జనం, ఇంకోచోట సమూహం.

(తెర మీద: ‘ప్రాథమిక సమూహం – చార్లెస్ కూలీ, 1909’)

ఇక రకాల సంగతి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన చార్లెస్ హోర్టన్ కూలీ 1909లో ప్రాథమిక సమూహం అన్న ఆలోచనను వివరంగా రాశాడు. ముఖాముఖి సంబంధం, దగ్గరితనం, కలిసి బతకడం దీని లక్షణాలు. కుటుంబం, పిల్లల ఆటల జట్టు, ఇరుగుపొరుగు ఆయన ఇచ్చిన ఉదాహరణలు. మనిషి స్వభావం మొదట తయారయ్యేది ఇక్కడే కాబట్టి వీటికి ప్రాథమికం అని పేరొచ్చింది. దీనికి ఎదురుగా ద్వితీయ సమూహం అన్న మాటను తర్వాతి సోషియాలజిస్టులు చేర్చారు. ఆఫీసు, యూనియన్, పార్టీ లాంటివన్నమాట. ఏదో ఒక పని కోసం ఏర్పడతాయి, రూల్స్ మీద నడుస్తాయి.

ఈ రెండింటికీ తేడా పట్టుకోవడానికి నేను క్లాసులో ఒక్క ప్రశ్న అడుగుతాను. ఒక మనిషి వెళ్లిపోతే అతని జాగాలో ఇంకొకరిని పెట్టుకోవచ్చా? బ్యాంకులో క్యాషియర్ బదిలీ అయితే కొత్త క్యాషియర్ వస్తాడు, పని ఆగదు. ఇంట్లో అవ్వ పోతే ఆమె జాగాలో ఇంకో అవ్వ రాదు.

ఈ ప్రశ్నను మన పాలమూరు గుంపు మీద పెట్టి చూద్దాం. గ్రూప్స్ సిలబస్‌లో వలసలు ఉన్నాయి, అయినా చాలామంది దాన్ని ఒట్టి కరువు టాపిక్‌లాగా చదివి వదిలేస్తారు. నాకు ఇది సమూహాల పాఠానికే గట్టి ఉదాహరణ అనిపిస్తుంది.

(తెర మీద: తండా నుంచి మూటాముల్లెతో బయల్దేరుతున్న కూలీలు)

గుంపు మేస్త్రీ ఊళ్లల్లో, తండాల్లో తిరిగి అడ్వాన్సులిచ్చి కూలీలను కూడగడతాడు. ఏ కాలువ పనికో, ముంబై, పుణె లాంటి చోట బిల్డింగ్ పనికో తోలుకపోతాడు. కాగితం మీద చూస్తే ఇది అచ్చంగా ద్వితీయ సమూహం. పని కోసం ఏర్పడింది, పైసలు ఇచ్చిపుచ్చుకునే లెక్క ఉంది, పని అయిపోతే విడిపోతుంది. ఒక కూలీ జ్వరంతో పడుకుంటే మేస్త్రీ ఇంకొకరిని తెస్తాడు.

కానీ ఆ గుంపులో ఉన్నది ఎవరు? ఆలుమగలు, బామ్మర్ది, మేనత్త కొడుకు, పక్కింటి దోస్తు. జ్వరం వచ్చినోడికి గంజి కాచిపోసేది, వాడి పిల్లను చూసుకునేది వీళ్లే. మేస్త్రీ లెక్కలో వాడు ఒక కూలీ, గుడిసెలో వాడు తమ్ముడు. ఒకే మనుషుల మధ్య రెండు రకాల సంబంధాలూ ఒకేసారి నడుస్తున్నాయి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీన్ని జాగ్రత్తగా వినండి. మేస్త్రీ కూడా చాలాసార్లు ఊరివాడో, చుట్టమో అయి ఉంటాడు. అడ్వాన్సుకు గట్టి హామీ కాగితంలో కంటే ఆ చుట్టరికంలోనే ఉంటుంది. పని మధ్యలో వదిలేసి వస్తే ‘మనోడే మోసం చేసిండు’ అన్న మాట పడాలి, ఇంట్లోవాళ్లు తలెత్తుకోలేరు. అంటే ప్రాథమిక సంబంధాన్ని ద్వితీయ ఒప్పందం వాడుకుంటోంది. దగ్గరితనం ఉన్నచోట అంతా ప్రేమే ఉంటుందనుకోవద్దని సోషియాలజిస్టు చార్లెస్ కూలీ కూడా హెచ్చరించాడు. అప్పు తీరేదాకా కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి కిందికే వస్తుందని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చెబుతోంది. పరీక్షలో సమూహాలు, వెట్టి అనే ఈ రెండు టాపిక్‌లను విడివిడిగా అడిగినా, మీరు మాత్రం కలిపే అర్థం చేసుకోండి.

పొదుపు సంఘంలో కథ తిరగబడుతుంది. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం పెట్టింది. తీర్మానాల పుస్తకం, పొదుపు, కిస్తీ, సంతకాలు, అంతా రూల్ ప్రకారమే. పుస్తకంలో భర్త పేరుతో సహా పూర్తి పేరు రాస్తారు. చాప మీద కూర్చున్నాక మాత్రం పిలుపు మారిపోతుంది: “వదినె, ఈ నెల కిస్తీ నేను కడతా తీ, నువ్వు పిల్లగాని ఫీజు చూసుకో.” రూల్‌తో మొదలైన చోట దగ్గరితనం పుట్టింది.

(తెర మీద: ‘అంతర సమూహం, బాహ్య సమూహం – సమ్నర్, 1906’)

రెండో వర్గీకరణ విలియం గ్రాహం సమ్నర్‌ది, 1906 నాటిది. మనం ‘మేం’ అనుకునేది అంతర సమూహం, ‘వాళ్లు’ అనుకునేది బాహ్య సమూహం. ఈ గీత ఒక్కచోట నిలవదు. ఊళ్లో ఉన్నప్పుడు వాడకో గీత, కులానికో గీత. ఎవరు ఎవరింట్లో నీళ్లు తాగాలో కూడా ఆ గీతే చెబుతుంది. అదే మనుషులు ముంబైలో తెలుగు మాట వినపడగానే “ఏ ఊరు మనది?” అని అడుగుతారు. మక్తల్ వాళ్లు, అచ్చంపేట వాళ్లు అక్కడ అందరూ మనోళ్లే. ఊరికి తిరిగొచ్చాక మళ్లీ పాత గీతలే ఎదురొస్తాయి. ఎదుట ఎవరున్నారన్న దాన్ని బట్టి ‘మేం’ ఎంత పెద్దదో తేలుతుంది.

రిఫరెన్స్ గ్రూప్ గురించి ఒక్క మాట. 1942లో హెర్బర్ట్ హైమన్ తెచ్చిన పదం ఇది. మనం అందులో ఉన్నా లేకున్నా, మనల్ని మనం ఎవరితో పోల్చుకుని కొలుచుకుంటామో ఆ సమూహం. వలస పోయొచ్చి స్లాబు ఇల్లు కట్టినోళ్లను చూసి పక్కింటివాళ్లు ‘మనం కూడా పోదాం’ అనుకున్నారంటే, వాళ్లకు రిఫరెన్స్ గ్రూప్ దొరికినట్టే.

జవాబు రాసేటప్పుడు నిర్వచనం, పేరు, సంవత్సరం రెండు మూడు వాక్యాల్లో ముగించండి. మిగతా జాగాలో మీకు తెలిసిన ఒక్క సమూహాన్ని తీసుకోండి. అందులో ఎవరి జాగాలో ఎవరు రావచ్చో, ఎవరి జాగాలో ఎవరూ రాలేరో రాయండి.